తెరకు ఇటు సూది, అటు కళ్ళు

“సూది గుచ్చింది మీ ఆసుపత్రివాళ్ళు. బేడీలు మాత్రం నాకు. చాలా బాగుందయ్యా నీ న్యాయం. రేపు పొద్దున నా తమ్ముడి కూతుర్ని పూడుస్తున్నారు. మేనత్తని నేను, దాని తల దగ్గర కూర్చోవలసిన మనిషిని. నన్నిక్కడ చేపల గంపలా మూలన పడేసి అక్కడ ఎవర్ని కూర్చోబెడతావు హేనేలీ? మీ ఆవిడనా?”

లాకప్ కటకటాల వెనక చాప మీద కూర్చున్న ఫుసి ఆ మాటలు అరిచి అనలేదు. మామూలు గొంతుతోనే అంది. అందుకే స్టేషన్‌లో ఉన్న నలుగురు పోలీసులూ తలలు తిప్పుకున్నారు. టోంగాలో మేనత్త అంటే ఇంటికి పెద్ద. పుట్టినప్పుడు పేరు పెట్టేది ఆవిడ, పోయినప్పుడు తల దగ్గర కూర్చునేది ఆవిడ. అలాంటి మనిషిని లోపల పెట్టిన ఇన్‌స్పెక్టర్ హేనేలీ ఎవరైనా పోతే అక్కడ అందరూ నడుముకు చుట్టుకునే సంతాపపు చాప చుట్టుకుని మరీ కుర్చీలో కూర్చున్నాడు. సంతాపం చూపించడానికి చాప ఉంటే చాలు కాబోలు.

“అత్తా, ఎన్నిసార్లు చెప్పాలి? లుపే నోటి నిండా ఆకుపసరు ఉంది. పోసింది నువ్వేనని నువ్వే ఒప్పుకున్నావు. పోశాక ఫిట్స్ వచ్చాయి. పోయింది. మేట్రన్ కళ్ళారా చూసింది.”

“దాహమన్న పిల్లకి నీళ్ళు పోస్తే అది కూడా కేసేనా?”

డిటెక్టివ్ సార్జెంట్ పిసీలా గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. హెడ్ క్వార్టర్స్ నుంచి ఆమెను పంపినందుకు హేనేలీకి పొద్దుటినుంచీ కడుపు మండుతూనే ఉంది. ఆమె ముందుకు వచ్చి కటకటాల దగ్గర గొంతుక్కూర్చుంది.

“ఫుసి అత్తా, పసరు ఎందుకు పోశావు?”

“ఎందుకు పోశావు అని అడిగిన మొదటి మనిషివి నువ్వే తల్లీ. అందరూ ఏం పోశావు అనే అడిగారు. దానికి నోరు బాగోలేదు. ఇనప మేకు చప్పరిస్తున్నట్టుంది అత్తా అంది. పెదాలు మొద్దుబారాయంది. చెవుల్లో ఏదో మోగుతోంది, మీకు వినపడటం లేదా అని నన్నే అడిగింది. నోటి అరుచికి మా అమ్మ కాలం నుంచీ ఇచ్చే ఆకే అది. నేనూ తాగాను. నువ్వు కడుపున పడ్డప్పుడు మీ అమ్మా తాగే ఉంటుంది.”

“ఇదంతా లాకప్‌లో అల్లిన కథ,” అన్నాడు హేనేలీ.

పిసీలా లేచి బయటికి వెళ్ళి సర్కారు ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మకు ఫోన్ చేసింది. సిజేరియన్ అయ్యాక పోయిన పిల్ల అంటూ మేకు రుచి, పెదాల మొద్దు, చెవుల్లో మోత, ఈ మూడూ చెప్పింది.

“ఆ మూడూ ఒకే మనిషి అందా? అయితే ఆకు సంగతి వదిలెయ్. సిజేరియన్ అయ్యాక పొట్టకు రెండు పక్కలా బ్లాక్ ఇచ్చి ఉంటారు. కోత దగ్గరి నరాలు మొద్దుబారితే తల్లి లేచి బిడ్డను ఎత్తుకోగలదు. మంచి సూది అది, నేనూ రోజూ ఇస్తాను. కానీ స్కానింగ్ మిషన్ బొమ్మలో సూది మొన చూస్తూ, ఆ మందు నరాల చుట్టూ మాత్రమే పెట్టాలి. సూది మొన రక్తనాళంలో పడి రక్తంలోకి పోయిందనుకో, ముందు నోరే చెబుతుంది. తర్వాత ఫిట్స్. తర్వాత గుండె. గుచ్చిన మనిషి పిచికారీ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోవాలి, తర్వాత పక్కనే కూర్చుని ముఖం చూస్తూ ఉండాలి. ఎవరున్నారు పక్కన?”

“అదే తెలుసుకోవాలి.”

“ఇంకోటి అడుగు. తెల్లగా పాలలా ఉండే కొవ్వు మందు సంచి ఒకటి ఉంటుంది, రక్తంలోకి పోయిన మందుకు విరుగుడు. బ్లాక్ ఇచ్చే ప్రతి గదిలోనూ అది చేతికందాలి. వాళ్ళ దగ్గర ఎక్కడ పెట్టారో అడుగు.”

*

ఫాలెమోఉయి మిషన్ ఆసుపత్రి స్టేషన్‌కు కూతవేటు దూరం. ‘నొప్పి లేని కాన్పు’ అని గేటు మీద పెద్ద బోర్డు. స్కానింగ్ మిషన్ విరాళమిచ్చినవాళ్ళ పేర్లు బోర్డు కింద. ఈ ఆసుపత్రిలో కాన్పయిన ఏ ఒక్క ఆడమనిషి పేరూ అక్కడ లేదు.

బాలింతల వార్డులో లుపే మంచానికి పక్క మంచం తౌఫాది. గుండ్రటి ముఖం, చేతిలో బిడ్డ, నోటినిండా మాటలు.

“నవ్వించకు అక్కా, నవ్వితే కుట్లు లాగుతాయి. పోలీసులకు నవ్వించడం రాదనుకో, అదొక అదృష్టం.”

“లుపే సంగతి వరసగా చెప్పు. ముందు పసరా, ముందు మేకు రుచా?”

“ముందు మేకే. అదన్నాకే కదా ఫుసి అత్త కంచె దగ్గరికి వెళ్ళి ఆకు కోసుకొచ్చింది. దంచి, పిండి తెచ్చేసరికి లుపే ఏదేదో మాట్లాడుతోంది. పైకప్పు మీద ఎవరో పాడుతున్నారంది. నేను వేళాకోళం అనుకుని నవ్వాను.” తౌఫా బిడ్డ తల మీది దుప్పటి సర్దింది. ఎంతకీ సర్దడం అవలేదు. “రెండు గుక్కలు తాగిందో లేదో, మంచం ఊగిపోయింది.”

“నర్సులు? డాక్టరు?”

“పక్కన ఎవరున్నారు? సూది అయిపోయింది, తెచ్చి ఇక్కడ పడేసి పోయారు. ఫిలిమోనె డాక్టరు నా దగ్గరికి వచ్చాడు. నా పొట్ట మీద మంచుముక్క పెట్టి చల్లగా తెలుస్తోందా అని అడిగాడు, నా ముఖం చూస్తూ కాసేపు కూర్చున్నాడు. లుపే వైపు మాత్రం తల కూడా తిప్పలేదు. గుమ్మం దగ్గర నిలబడి మేట్రన్‌ని ఎలా ఉందని అడిగి పోయాడు. మర్యాదస్తుడులే పాపం. నాదేముంది, మాది ఉత్తరాన వేరే ద్వీపం. నేను ఆయనకేమీ కాను.”

పిసీలా లేవబోయినదల్లా ఆగిపోయింది.

“నీకు బ్లాక్ ఇచ్చినప్పుడు స్కానింగ్ మిషన్ ఎటుంది?”

“నా ఎదురుగానే. నేనూ చూశాను, బూడిదరంగులో చేపకండ పొరల్లా కనపడింది. అది నా పొట్టే అన్నాడు. నాకు నిజంగా సిగ్గేసింది, ఎంత కొవ్వో.”

*

ఆపరేషన్ థియేటర్ పక్క గదిలోనే బ్లాక్ ఇస్తారు. ఒక మంచం, ఒక స్టాండు, మందుల అలమర. మంచాన్ని గదిలోంచి వేరు చేస్తూ పైనుంచి వేలాడే పూలగుడ్డ తెర. పిసీలా వెనకే హేనేలీ వచ్చాడు, ఆమె ఏం ముట్టుకుంటుందో చూడటానికి.

“ఇక్కడేముంది? పోయింది వార్డులో. పోసింది వార్డులో.”

పిసీలా గది చుట్టూ చూసింది. తౌఫా ఎదురుగా చూశానన్న మిషన్ ఇప్పుడు తెరకు అవతల ఉంది. దాని ముందు ఒక కుర్చీ. మిషన్‌లో బొమ్మ కనపడే అద్దం కుర్చీ వైపు తిరిగి ఉంది, మంచం వైపు దాని వీపు. పొట్ట మీద ఆనించి పట్టుకునే పిడి మాత్రం మంచం పక్కన కొక్కేనికి తగిలించి ఉంది. రెంటినీ కలిపే తీగ తెరలోంచి వచ్చింది.

తెరలోంచి ఎలా వచ్చింది? ఆమె వంగి చూసింది. నడుమెత్తున జానెడు చీలిక. స్కానింగుకి పొట్ట మీద రాసే జెల్ దాని అంచున ఎండి పొలుసులు కట్టింది. చినిగిన చీలిక కాదు. చుట్టూ అంచు మడిచి, సన్నటి కుట్టుతో, బొత్తాం కాజాలా శ్రద్ధగా కుట్టారు.

తొందరలో ఒక్కసారికి చేసుకున్న ఏర్పాటయితే ఎవరైనా తెర పక్కకు లాగుతారు. అంచు కుట్టుకున్నారంటే అది అలవాటు.

“హేనేలీగారూ, ఇలా రండి. మంచం దగ్గర నిలబడండి. ఆ దిండు మీ ముందు పెట్టుకోండి. జేబులో కలం తీయండి.”

“నాతో ఆటలా?”

“ఒక్క నిమిషమే. ఒక పెద్దావిడను లోపల వేయడానికి ఎంతసేపు పట్టింది మీకు? అంతకన్నా తక్కువే.”

పళ్ళు నూరుకుంటూ అతను కలం తీశాడు. పిసీలా తెర అవతలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. తెర మీద అతని నీడ తప్ప ఏమీ కనపడలేదు.

“దిండులోకి కొద్దిగా గుచ్చండి. ఇంకొంచెం. కొంచెం ఎడమకి. ఇంకాస్త లోపలికి. చాలు, ఆపండి.”

తిరిగి వచ్చి చూస్తే కలం దిండును దాటి పరుపులోకి దిగి ఉంది. హేనేలీ దాన్ని ఊడబెరికి చూసుకున్నాడు.

“నువ్వు ఎడమ అన్నావు. నీ ఎడమా, నా ఎడమా నాకేం తెలుసు?”

“లుపేకి గుచ్చిన మనిషికీ తెలీదు. సూది పట్టుకున్న చేతికి బొమ్మ కనపడదు. బొమ్మ చూసే కంటికి గుచ్చే చెయ్యి కనపడదు. పిచికారీ వెనక్కి లాగితే రక్తం వచ్చిందో లేదో ఎవరు చూడాలి? ఆమె పెదాలు వణికితే ఎవరికి తెలియాలి?”

“డాక్టరు ఇటే ఉంటాడు. ఇటుండి గుచ్చక అటు కూర్చుని ఏం చేస్తాడు?”

“అది మీరు ఆయన్ని అడిగారా?”

హేనేలీ మెడ ఎర్రబడింది. అడగలేదు. అడగడు కూడా. ఒక మగాణ్ణి పట్టుకుని నీ చెల్లెలి పొట్ట చూశావా అని మర్యాదగల మగాడెవడూ ఇక్కడ అడగడు. అన్న ఉన్న గదిలో చెల్లెలు పడుకోదు. చెల్లెలు వస్తే అన్న లేచి బయటికి పోతాడు. పెదనాన్న కూతురే కాదు, మేనత్త కూతురు, మేనమామ కూతురు, వాళ్ళ పిల్లలు, అందరూ చెల్లెళ్ళే. మరదలు అన్న వరసే ఈ దేశంలో లేదు. ఇంత మర్యాద మధ్య ఒక ప్రశ్న అడక్కుండా ఉండిపోయింది. ఆ ఖాళీలోకి ఫుసిని నెట్టారు.

*

మత్తు డాక్టరు ఫిలిమోనె గుమ్మం దగ్గరే ఆగాడు. నలభై లోపు మనిషి, కళ్ళ కింద నల్లటి గుంతలు. తెర వైపు చూసి వెంటనే నేల చూశాడు.

పిసీలాకు ముఖం కాలిపోతున్నట్టయింది. ఆమెకూ ముగ్గురు అన్నదమ్ములున్నారు. ఈ మాట ఏ ఒక్కడితోనైనా అనవలసి వస్తే ఊరు వదిలి పోతుంది. అయినా అడిగింది.

“డాక్టరుగారూ, లుపే మీకు ఏమవుతుంది?”

“మా అమ్మకు మేనమామ మనవరాలు.”

“అంటే?”

“చెల్లెలు.”

హేనేలీ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

“ఆమె కాగితం మీద బ్లాక్ ఇచ్చినవారు అని మీ సంతకం ఉంది. మీరు గుచ్చారా?”

“నేను బొమ్మ చూశాను.”

“నేను అడిగింది అది కాదు.”

“నేను అక్కడ కూర్చుని బొమ్మ చూసి చెప్పాను. మేట్రన్ వికా సూది పట్టుకుంది. ఆవిడ చెయ్యి మంచి చెయ్యి. నా చేతిలా వణకదు.”

“వెనక్కి లాగి రక్తం చూడమన్నారా?”

“అన్నాను.”

“చూసిందా?”

“తెర ఉంది కదా.”

ఆ మాట అన్నాక అతను గుమ్మం చట్రం పట్టుకున్నాడు.

“తర్వాత ఆమె పక్కన ఎందుకు కూర్చోలేదు? తౌఫా పక్కన కూర్చున్నారుగా.”

“పొట్ట కట్టు విప్పి మంచుముక్క పెట్టి చూడాలి. నేనెలా...” ఫిలిమోనె తెర వైపు చెయ్యి చూపించాడు. “నేను మొదట్లోనే చెప్పాను. మిషన్ తెచ్చినవాళ్ళు ఒక్కడికే నేర్పుతామన్నారు. ఒక ఆడమనిషికి నేర్పండి అన్నాను. డాక్టరువి నువ్వే కదా అన్నారు. ఈ ఊళ్ళో నాకు చెల్లెలు కానిది ఎవరు? తెర వేసుకోకపోతే సగం మందికి సూది ఉండదు. వేసుకుంటే...”

“ఎంతకాలంగా ఈ తెర?”

“మొదటినుంచీ.”

ఒక్కడికి నేర్పారు. ఫొటో తీసుకున్నారు. బోర్డు కట్టారు. ఆ ఒక్కడూ ఎవరికి అన్నో, ఎవరి ముందు కన్నెత్తకూడదో ఎవరూ అడగలేదు. ఎవరి పొట్ట కోస్తారో వాళ్ళను అసలే అడగలేదు.

అప్పుడే థియేటర్ వైపు తలుపు తెరుచుకుంది. చక్రాల మంచం తోసుకుంటూ మేట్రన్ వికా వచ్చింది. తెల్లటి బట్టలు, ఇస్త్రీ మడత చెదరలేదు. మంచం మీద పడుకున్నామె పేరు ఎసెతా. కొద్ది సేపటి క్రితమే కోసి బిడ్డను తీశారు. వికా పిసీలాను చూసింది, హేనేలీని చూసింది, ఫిలిమోనె ముఖం చూసింది.

“ఆకు పసరు అని స్టేట్‌మెంటు ఇచ్చింది మీరే కదా మేట్రన్‌గారూ?” అంది పిసీలా.

“ఇచ్చాను.”

“అబద్ధమని తెలిసే ఇచ్చారు.”

“నాకేం తెలుసు? నోట్లో పసరు ఉంది. నా చేతిలో సూది ఉంది. పసరు అని రాసుకోవడం తేలిక.” వికా స్టాండు పక్కకు జరిపింది. “తెర సంగతి బయటపడితే రేపటినుంచి ఒక్కతీ రాదు. పాత రోజులు తెలుసా నీకు? కోత అయ్యాక మూడు రోజులు దగ్గలేక, బిడ్డను ఎత్తలేక, పెదాలు కొరుక్కునేవాళ్ళు. ఏడవరు కూడా. ఇక్కడ ఆడది ఏడిస్తే తప్పు. ఎలా ఉంది అంటే బాగుంది అంటారు. ఆ బాగుంది నేను ముప్ఫై ఏళ్ళు విన్నాను. అందుకే ఆ చీలిక నేనే కుట్టాను. సిగ్గుపడను.”

“లుపే విషయంలో కూడానా?”

మేట్రన్ స్టాండు వదిలేసి తెర వైపు చూసింది.

మంచం మీద ఎసెతా తల ఎత్తింది. “మీ గొడవేమిటో నాకు తెలీదు గానీ, నా సూది ఆపకండి. నడుము మత్తు దిగిపోతోంది. పోయినసారి కాన్పుకి ఈ సూది లేదు. తుమ్ము వచ్చిన ప్రతిసారీ చచ్చి పుట్టాను. ఎవరక్కడ, ఫిలిమోనెనా? తెర వెనక్కి పో, తొందరగా కానివ్వండి.”

“ఈమె కూడా చెల్లెలేనా?” అంది పిసీలా.

“అక్క,” అన్నాడు ఫిలిమోనె నేల చూస్తూ. “పెద్దమ్మ కూతురు.”

“ఎసెతా, విను. లుపే ఈ సూది వల్లే పోయింది. ఫుసి అత్త వల్ల కాదు. సూది తప్పు కాదు, ఈ తెర తప్పు.” పిసీలా ఫిలిమోనె వైపు తిరిగింది. “డాక్టరుగారూ, విరుగుడు మందు ఎక్కడ? పాలలా తెల్లగా ఉండే సంచి. చూపించండి.”

అతను మేట్రన్‌ను చూశాడు. మేట్రన్ అలమర చూసింది. హేనేలీ మొదటిసారి కిటికీ వదిలి వచ్చి, అలమర తలుపు తనే లాగాడు. గాజు సీసాలు, దూది, సెలైన్ సంచులు. తెల్లనిది ఏదీ లేదు.

“ఎక్కడుంది?” అన్నాడు హేనేలీ. గొంతులో ఇన్‌స్పెక్టర్ లేడు.

“మిషన్‌తో పాటు రాలేదు,” అంది వికా. “తర్వాత తెప్పిద్దామన్నారు. మా దగ్గర ఎప్పుడూ లేదు.”

“ఒక్కరోజు కూడానా?”

“ఎప్పుడూ లేదు.”

తెరవెనక గుచ్చిన ప్రతి సూదీ విరుగుడు లేకుండానే గుచ్చారు. లుపే ఒక్కతే కాదు, ఈ గదిలో పడుకున్న ప్రతి ఆడదాని ప్రాణాన్నీ గాలిలో విసిరి పట్టుకున్నారు. ఒకసారి పట్టు తప్పింది.

ఎసెతా పళ్ళు బిగబట్టింది. దుప్పటి కింద కాలి వేళ్ళు ముడుచుకున్నాయి.

“ఎలా ఉంది?” అని అడిగింది వికా, అలవాటు కొద్దీ.

“బాగుం...” ఎసెతా ఆగింది. “బాగాలేదు. కోత మీద కాగడా పెట్టినట్టుంది. ఫిలిమోనె, నేను నీకు అక్కని. అక్క మాటకు తమ్ముడు ఎదురు చెప్పకూడదని మీ అమ్మ నేర్పిందా లేదా? తెర ఇవతలికి రా. సిగ్గు నాది, నేను చూసుకుంటాను. నీ కళ్ళు నాకు కావాలి.”

ఫిలిమోనె గుమ్మం దాటడానికి చాలాసేపు పట్టింది. పిసీలా అతని కోసం ఆగలేదు. తెరను రెండు చేతులా పట్టి లాగింది. పైన కొక్కేలు ఒక్కొక్కటే ఊడి రాలాయి.

“మిషన్ ఇటు తిప్పండి డాక్టరుగారూ. ఇప్పటికి ఈమెకు గొట్టంలోంచి ఇచ్చే నొప్పి మందు ఏదుంటే అది ఇవ్వండి, ఆమె ముఖం చూస్తూ ఇవ్వండి. బ్లాక్ తర్వాత. మేట్రన్‌గారూ, సర్కారు ఆసుపత్రి మత్తు డాక్టరమ్మకు ఫోన్ చేయండి. బొమ్మ చూస్తూ గుచ్చడం మీకు నేర్పమని అడగండి, మీకూ మీ నర్సులందరికీ. అడిగాక నా దగ్గరికి వచ్చి స్టేట్‌మెంటు మార్చండి. హేనేలీగారూ, మీ జీపులో కానిస్టేబుల్‌ని ఆ తెల్ల మందుకు పంపండి. సంచి ఈ స్టాండుకు వేలాడేదాకా ఈ గదిలో ఎవరి పొట్టలోనూ బ్లాక్ సూది దిగదు.”

“జీపు అటు పోతే, నేను స్టేషన్‌కి...”

“నడవండి. ఊరి మధ్యలోంచి నడవండి. లాకప్ తాళం ఎవరి చేతా తీయించకండి, మీరే తీయండి. ఫుసి అత్త ముందు నడుస్తుంది, మీరు వెనక. లుపే తల దగ్గర ఆవిడ చాప మీరే పరచండి. మీరు తప్పుపట్టిన మనిషి ఎవరో, తప్పు ఎవరిదో, అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ మీ నోటితోనే చెప్పండి. వెళ్ళండి.”